ఊసరవెల్లి నిద్ర, ఊసరవెల్లి బెదురు

కొంతకాలం క్రితం ఒక రాత్రి పదిన్నర గంటలకు మా ఎదురింటి అబ్బాయి తలుపు తట్టాడు. "అంకుల్, మా గిర్‌గిట్ చచ్చిపోయినట్టుంది. ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాడు. మేముండేది ఢిల్లీలో, యమునకు తూర్పు గట్టున ఉన్న మయూర్ విహార్‌లో. ఎదురింటివాళ్లు మనవాళ్లే. గుంటూరు వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా అక్కడ స్థిరపడ్డారు. అబ్బాయి తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్నగారి స్నేహితుడెవరో అతనికి పుట్టినరోజు కానుకగా ఒక విదేశీ ఊసరవెల్లిని తెచ్చి ఇచ్చాడు. దాన్ని గాజుపెట్టెలో పెట్టి, టి.వి. పక్కన ఉంచి పెంచుతున్నారు.

వెళ్లి చూశాను. పగలంతా ఆకుపచ్చగా ఉండే జంతువు బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది. రెండు కళ్లూ మూతబడ్డాయి. తోక గడియారం స్ప్రింగులా చుట్టుకుపోయింది. అబ్బాయి టార్చి వేసేసరికి ఒక కన్ను సగం తెరిచి మళ్లీ మూసింది. "చావలేదురా, నిద్రపోతోంది" అన్నాను. నిజమే, నిద్రపోతోంది.

వారం పది రోజుల తరవాత మళ్లీ పిలిచాడు. ఈసారి మధ్యాహ్నం. ఊసరవెల్లి పెట్టె అడుగున ఒక మూల కూర్చుని ఉంది. ఒళ్లంతా నల్లబడింది. కళ్లు మూసుకుని ఉంది. "నిద్రపోతోందిలే, లేపకు" అన్నాను. అదే మాట రెండుసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పింది ఒప్పు. రెండోసారి చెప్పింది తప్పు.

పాలిపోతే నిద్ర ఎలా అయింది? నల్లబడితే జబ్బు ఎలా అయింది? అసలు ఊసరవెల్లి మనసులో ఏముందో దాని చర్మం చూసి చెప్పవచ్చా? ఈ ప్రశ్న మీదా నాదీ మాత్రమే కాదు. మనుషులు దీన్ని రెండువేల మూడువందల ఏళ్లుగా అడుగుతున్నారు. తప్పు జవాబులు చెప్పినవారిలో నాకంటే చాలా గొప్పవాళ్లున్నారు కాబట్టి నాకు కొంత ఊరట.

ముందు ఏది తొండో తేల్చుకుందాం

మయూర్ విహార్ పార్కుల్లో, డి.డి.ఎ. ఫ్లాట్ల ప్రహరీగోడల మీద వేసవిలో మీకు కనిపించేది ఊసరవెల్లి కాదు, తొండ. తల, గొంతు ఎర్రగా చేసుకుని దండీలు తీస్తున్నట్టు ముందుకాళ్ల మీద లేచి దిగుతుంటుంది. అది మగది. ఆ రంగు పోటీదారుకు హెచ్చరిక, ఆడదానికి పిలుపు. మెడ ఎర్రబడటం చూసి మన దేశంలోని ఆంగ్లేయులు దానికి రక్తం పీల్చే జంతువని పేరు పెట్టారు. పాపం, అది పీల్చేది ఏమీ లేదు. తినేది చీమలు, పురుగులు.

హిందీలో తొండనూ గిర్‌గిట్ అంటారు, ఊసరవెల్లినీ గిర్‌గిట్ అంటారు. మనకు రెండు పేర్లున్నా, మనమూ వాటిని కలిపేశాం. 'తొండ ముదిరితే ఊసరవెల్లి' అన్న సామెత మీరు వినే ఉంటారు. ఎంత ముదిరినా తొండ తొండే. కాని సామెతలో ఒక చిన్న నిజం దాగి ఉంది. సరీసృపాల వంశవృక్షంలో ఊసరవెల్లులకు అతి దగ్గరి బంధువులు తొండల కుటుంబమే.

అసలైన ఊసరవెల్లిని గుర్తుపట్టడం కష్టం కాదు. దాని వేళ్లు రెండు గుంపులుగా అతుక్కుపోయి పట్టకారులా ఉంటాయి. తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది. కళ్లు గోపురాల్లా పొడుచుకొచ్చి, ఒకటి ముందుకు చూస్తుంటే రెండోది వెనక్కి చూడగలదు. నాలుకను ఒంటి పొడవుకు మించి చాచి పురుగును అంటించుకుంటుంది. ప్రపంచంలో రెండువందలకు పైగా జాతులున్నాయి. అందులో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశంలో ఉన్నది ఒకే ఒక్క జాతి. 1768లో వియన్నాలో లారెంటీ అనే శాస్త్రజ్ఞుడు దానికి శ్రీలంక పేరు మీద 'ఛామెలియో జెలానికస్' అని నామకరణం చేశాడు. దక్షిణాదిన ఎండు అడవుల్లో, తోటల్లో ఉంటుంది. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. భాగవతంలో నృగ మహారాజు శాపవశాన ఊసరవెల్లి అయి పాడుబావిలో పడి ఉన్న కథ మీకు గుర్తుందా? రాజు అంతటివాడు ఇంకేమీ కాకుండా ఊసరవెల్లే ఎందుకయ్యాడో నాకు చిన్నప్పటినుంచీ సందేహం.

గాలి మేసే జంతువు

ఊసరవెల్లిని శ్రద్ధగా పరీక్షించి రాసిన తొలి శాస్త్రజ్ఞుల్లో ముఖ్యుడు గ్రీకు పండితుడు అరిస్టాటిల్. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో రాసిన జంతుశాస్త్ర గ్రంథంలో దాని కళ్లు, పక్కటెముకలు, కాళ్లు, మందగమనం అన్నీ వర్ణించాడు. కోసి కూడా చూశాడు. రంగు గురించి ఆయన చెప్పిన విషయం ఆలోచించదగ్గది. ఒంట్లో గాలి నింపుకుని ఉబ్బినప్పుడు రంగు మారుతుందన్నాడు. చచ్చేటప్పుడు పాలిపోతుందనీ రాశాడు. చుట్టుపక్కల ఉన్న వస్తువుల రంగును అది పూనుకుంటుందని మాత్రం ఆయన అనలేదు. ఉబ్బటం బెదిరిన ఊసరవెల్లి చేసే పని. అంటే అరిస్టాటిల్ చూసింది బహుశా చేతిలో పట్టుకుని ఉన్న, భయపడుతున్న జంతువును!

ఆ తరవాత నాలుగు శతాబ్దాలకు వచ్చిన రోమన్ రచయిత ప్లినీ ఈ సూక్ష్మాన్ని చెడగొట్టాడు. ఊసరవెల్లి ఏ వస్తువు దగ్గర ఉంటే ఆ రంగులోకి మారుతుందన్నాడు, ఎరుపు తెలుపు తప్ప. పైగా అది ఏమీ తినదు, తాగదు, గాలి మాత్రమే భోంచేసి బతుకుతుందన్నాడు. గంటల తరబడి కదలకుండా నోరు తెరుచుకుని కూర్చునే జంతువును చూస్తే అలా అనిపించడంలో వింత లేదు. అయితే ఊసరవెల్లులు నోరు తెరిచేది వేడి ఎక్కువైనప్పుడు, లేదా ఎవరినైనా బెదిరించాలనుకున్నప్పుడు. ఈ 'గాలి భోజనం' కథ పదిహేను వందల సంవత్సరాలకు పైగా చలామణి అయింది. 1646లో ఇంగ్లండులో సర్ థామస్ బ్రౌన్ అనే వైద్యుడు లోకంలోని మూఢనమ్మకాలన్నీ ఏరి ఒక పెద్ద పుస్తకం రాస్తూ దీన్ని కూడా ఖండించాడు. కీటకాలు పట్టేందుకు అంత పొడవు నాలుక, అరిగించేందుకు పొట్ట, పేగులు ఉన్న జంతువు గాలి ఎందుకు మేస్తుంది?

ఈ పాత కథను చూసి మీరు నవ్వుకోవచ్చు. కాని దీనివల్ల ఎన్ని బందీ ఊసరవెల్లులు ఆకలితో చచ్చి ఉంటాయో ఆలోచించండి.

పారిస్‌లో ఒక శాస్త్రజ్ఞుడు, ఒక రచయిత్రి

17వ శతాబ్దిలో ఈజిప్టు నుంచి యూరపుకు ఊసరవెల్లులు రావటం మొదలైంది. పారిస్ విజ్ఞాన అకాడమీకి చెందిన క్లాడ్ పెరో ఒకదాన్ని బతికి ఉండగా పరిశీలించి, చనిపోయాక కోసి, 1669లో వివరాలు ప్రకటించాడు. ఈయన వైద్యుడే కాదు, లూవ్ర్ రాజప్రాసాదపు ప్రసిద్ధ స్తంభాల వరుసను రూపొందించినవారిలో ఒకడు. సిండ్రెల్లా కథ రాసిన షార్ల్ పెరోకు అన్నగారు.

పెరో దాని రంగును చూసిన తీరు నేటి విద్యార్థులకు కూడా పాఠమే. నీడలో కదిలించకుండా ఉంచితే ఏ రంగు, ఎండలో పెడితే ఏ రంగు, చేత్తో ముట్టుకుంటే ఏ రంగు అని విడివిడిగా రాసుకున్నాడు. నీడలో నిమ్మళంగా ఉన్నప్పుడు నీలి బూడిదరంగు. ఎండ తగిలిన పక్క ముదురు. తెల్ల గుడ్డలో చుట్టితే తెల్లబడుతుందేమోనని కూడా ప్రయత్నించాడు. ఒకసారి తెల్లబడింది గాని, మళ్లీ మళ్లీ చేస్తే కాలేదు. వస్తువు రంగే కారణమైతే ప్రతిసారీ కావాలి గదా! 'పక్కవస్తువు రంగు' సిద్ధాంతానికి ఇక్కడే బీట పడింది.

అదే నగరంలో మదలెన్ ద స్క్యుదెరీ అనే పేరున్న నవలా రచయిత్రికి 1672లో అలెగ్జాండ్రియా నుంచి ఊసరవెల్లులు కానుకగా వచ్చాయి. ఆమె వాటిని కోయలేదు, పెంచింది. పారిస్ చలి నుంచి కాపాడుతూ, సూర్యరశ్మి చూపిస్తూ, వాటి రోజువారీ ప్రవర్తనను గమనించి రాసింది. రెండు ఊసరవెల్లుల చరిత్రగా ఆ రచన 1688లో అచ్చయింది. పెంపుడు ఊసరవెల్లి మీద వచ్చిన మొదటి రచనల్లో అది ఒకటి అనుకోవచ్చు. పెరో శరీరంలో ఏముందో చూశాడు. ఆమె బతికి ఉన్న జంతువు ఎలా నడుచుకుంటుందో చూసింది. అకాడమీ వాళ్లు ఆమె రాతను శాస్త్రంగా లెక్కించలేదు. నాకు మాత్రం ఇద్దరూ కావాలనిపిస్తుంది. కోసిన జంతువు నిద్రపోదు గదా!

నరం తెగితే నలుపు

రంగు ఎక్కడి నుంచి వస్తుంది? 1834లో ఫ్రాన్సులో ఆన్రీ మిల్న్-ఎడ్వర్డ్స్ దీనికి సమాధానం చర్మంలోనే వెదికాడు. చర్మంలో వేర్వేరు లోతుల్లో వేర్వేరు వర్ణకాలు ఉన్నాయనీ, లోపలి నల్లని వర్ణకం పైకి వస్తే చర్మం నల్లబడుతుందనీ, వెనక్కి తగ్గితే పాలిపోతుందనీ కనుగొన్నాడు. ఈ నల్లని కణాలు చెట్టు ఆకారంలో ఉంటాయి. మొదలు లోపల, కొమ్మలు పైపొరలో. మెలనిన్ రేణువులు కొమ్మల్లోకి పాకితే నలుపు. మొదట్లోకి ముడుచుకుంటే తెలుపు. ఈ చిత్రాన్ని మనసులో ఉంచుకోండి. ముందు ముందు మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

ఆ రేణువులను పాకమనేది, ముడుచుకొమ్మనేది ఎవరు? 1850ల మొదట్లో వియన్నాలో ఎర్నస్ట్ బ్రూకె అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఆఫ్రికా ఊసరవెల్లులపై ప్రయోగాలు చేశాడు. మనస్తత్వ శాస్త్రంలో పేరు పొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ తరవాతి కాలంలో ఈయన ప్రయోగశాలలోనే చదువుకున్నాడు. బ్రూకె చర్మానికి వెళ్లే నరాన్ని కోస్తే ఆ భాగం నల్లబడింది! సాధారణంగా నరం తెగితే పని ఆగిపోతుందంటాం. ఇక్కడ ఆగిపోయిన పని ఏమిటి? తెల్లబరచటం. అంటే ఊసరవెల్లి నల్లబడటానికి ఆజ్ఞ అక్కర్లేదు. పాలిపోవటానికే నాడీమండలం నిరంతరం ఆజ్ఞలు పంపుతూ ఉండాలి.

ఇదెంత విచిత్రమో గమనించారా? రాత్రి కొమ్మ మీద తెల్లగా పాలిపోయి, శవంలా కనిపించే ఊసరవెల్లి నిజానికి విశ్రాంతిలో ఉన్న యంత్రం కాదు. దాని కళ్లు మూతబడి ఉన్నా నరాలు చర్మానికి ఆజ్ఞలు పంపుతూనే ఉన్నాయి.

ఈ సంగతికి మరో మెలిక చేర్చింది పాల్ బెర్. ఈయన ఫ్రెంచివాడు. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పీడనం మనిషి మీద చూపే ప్రభావం గురించి తరవాత ప్రపంచప్రసిద్ధి పొందాడు. 1875లో ఊసరవెల్లి రంగు మార్పులపై తన ఫలితాలు ప్రకటించాడు. నిద్రలో అది లేతరంగుకు తిరుగుతుంది. మత్తుమందు ఇచ్చినా అంతే. నిద్రపోతున్న ఊసరవెల్లి మీద ఒక పక్క నుంచి దీపం వెలుతురు పడేలా చేస్తే, జంతువు లేవకుండానే వెలుతురు పడ్డ పక్క మాత్రం నల్లబడుతుంది! అవతలి పక్క తెల్లగానే ఉంటుంది. కాంతిని చూసింది కన్ను కాదు, చర్మమే. వర్ణపటంలోని నీలం, ఊదా కిరణాలు దానిమీద ఎక్కువ పనిచేస్తాయని కూడా బెర్ గుర్తించాడు.

కేప్‌టౌన్‌లో భయానికి కొలత

ఇదంతా జరుగుతుండగా యూరపు, అమెరికాల్లో ఈ జంతువులు వేడుక వస్తువులయ్యాయి. 19వ శతాబ్ది చివర్లో అమెరికాలో ఒక పాడు ఫ్యాషన్ వచ్చింది. రంగు మార్చే ఎనోలిస్ అనే చిన్న బల్లికి సన్నని గొలుసు కట్టి, ఆడవాళ్లు గౌనుకు బ్రోచిలా తగిలించుకునేవారు. దాన్ని ఊసరవెల్లి అనే అమ్మేవారు. బట్టల రంగుకు తగ్గట్టు మారుతుందని ప్లినీ నాటి ఆశ! అది మారేది బట్టను చూసి కాదు, వేడినీ వెలుతురునూ భయాన్నీ బట్టి. జంతు సంరక్షణ సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి.

భయం ఒంట్లో ఏంచేస్తుందో హార్వర్డులో వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. పోరాడటమో పారిపోవటమో చేయాల్సినప్పుడు ఎడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. 1918లో ఎ.సి. రెడ్‌ఫీల్డ్ అమెరికా ఎడారుల్లోని కొమ్ముల బల్లిని పరీక్షించి, అది బెదిరినప్పుడు పాలిపోవటానికి ఈ ఎడ్రినలిన్ కారణమని తేల్చాడు. మరి ఊసరవెల్లిలోనూ అంతేనా?

1927లో లాన్సెలాట్ హాగ్‌బెన్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఈయన పేరు మీ లెక్కల మాస్టారుకు తెలిసి ఉండవచ్చు. సామాన్యులకు గణితం మీద ఈయన రాసిన పుస్తకం 1936లో వచ్చి లక్షల ప్రతులు అమ్ముడయింది. కేప్‌టౌన్ తోటల్లో దొరికే మరుగుజ్జు ఊసరవెల్లులతో ఆయనా, మిర్విష్ అనే సహచరుడూ ప్రయోగాలు చేశారు. జంతువును రేపితే ఒళ్లంతా పాలిపోయింది. దీనికి వాళ్లు 'ఉద్రేకపు పాలిపోవటం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వెన్నుపామును వేర్వేరు చోట్ల కోసి చూస్తే, ఆ తెల్లదనం ఒంటి మీద ఎంతవరకు పాకుతుందన్నది కోత ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి మారింది. రక్తంలో తిరిగే హార్మోనే ముఖ్య కారణమైతే కోతతో పని లేకుండా ఒళ్లంతా పాలిపోవాలి. కాబట్టి ఊసరవెల్లి విషయంలో ప్రధాన పాత్ర నరాలదే. ఈ ఫలితాలు 1928లో వచ్చాయి. ఈ ప్రయోగాలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. జంతువు భయాన్ని అర్థం చేసుకోవటానికి జంతువును భయపెట్టక తప్పలేదు.

అక్కడే జూండ్, ఐర్ అనే ఇద్దరు 1934లో రాయల్ సొసైటీ పత్రికలో మరింత సమగ్రమైన వివరణ ఇచ్చారు. చీకట్లో నరాలు ఆజ్ఞలు పంపుతూ ఉంటాయి, చర్మం పాలిపోతుంది. వెలుతురు చర్మాన్ని తాకితే ఆ ఆజ్ఞలు అణిగిపోతాయి, చర్మం నల్లబడుతుంది. కళ్లు లేకపోయినా ఇది జరుగుతుంది. ఎండలో ఉన్న ఊసరవెల్లి ఒంటి మీద కొంత మేర కప్పి ఉంచి తీస్తే, ఆ ఆకారం ఫొటో అచ్చులా తెల్లగా కనబడుతుంది. పొద్దున్నే చలికి ముడుచుకున్న ఊసరవెల్లి ఎండకు పక్కకు తిరిగి నల్లబడటంలో లాభం కూడా ఉంది. నల్లని వస్తువు వేడిని బాగా పీల్చుకుంటుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు గదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రాత్రి పాలిపోతుంది. బెదిరినా పాలిపోతుంది. ఎండ కాగటానికి నల్లబడుతుంది. మరి మా ఎదురింటి జంతువు మధ్యాహ్నం నల్లబడి మూల కూర్చోవటం ఏమిటి?

రంగుకు నిఘంటువు లేదు

ఇక్కడే చాలామంది తడబడతారు. నేనూ తడబడ్డాను. ఒక జాతిలో నేర్చుకున్న రంగుల భాష మరో జాతికి పనికిరాదు. కేప్‌టౌన్ మరుగుజ్జు రేపితే తెల్లబడింది. ఎదురింటిది యెమెన్, సౌదీ అరేబియా కొండల్లోని 'ఛామెలియో కలిప్ట్రేటస్', నెత్తిన కిరీటంలా ఎత్తైన ఎముక ఉన్నది. దానిమీద అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో రస్సెల్ లైగన్, కెవిన్ మెక్‌గ్రా పరిశోధించారు. రెండు మగవాటిని ఎదురెదురుగా పెడితే రెండూ పక్కకు తిరిగి, ఒళ్లు చదును చేసి, చారలు మెరిపిస్తాయి. తల రంగు ఎక్కువ వెలిగినది, రంగు త్వరగా మార్చినది గెలుస్తుందని 2013లో ప్రకటించారు. ఓడిపోయినది ఏంచేస్తుంది? నల్లబడుతుంది. 'నేను లొంగిపోయాను, కొట్టకు' అని చెప్పటం అది. 2014లో లైగన్ ఈ విషయాన్ని ప్రత్యేకంగా నిరూపించాడు.

లొంగిపోయిన జంతువు నల్లబడటానికి ఎదురుగా మరో ఊసరవెల్లి ఉండాలి కదా అంటారేమో. గాజుపెట్టెలో ఉంది! అద్దంలా మెరిసే గాజులో దాని ప్రతిబింబమే దానికి శత్రువు. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. పారిపోయే చోటు లేదు. కొమ్మల్లో దాగుదామంటే ఉన్నది ఒకే ప్లాస్టిక్ కొమ్మ.

2014లోనే సిడ్నీ విశ్వవిద్యాలయంవారు ఈ జాతి పిల్లలను కొన్నిటిని ఒంటరిగా, కొన్నిటిని గుంపుగా పెంచి పోల్చారు. ఒంటరిగా పెరిగినవి తరవాత తోటివాటిని చూడగానే మసకబారి, తొందరగా లొంగిపోయాయి. ఆహారం పట్టడంలోనూ వెనకబడ్డాయి. అలాగని పెద్దవాటిని జంటగా పెట్టె‌లో పెట్టకండి. పెద్దయ్యాక ఇవి ఏకాంతాన్ని కోరే జంతువులు.

రంగులు ఎలా పుడతాయన్న కథలో 2015లో పెద్ద మలుపు వచ్చింది. నూట ఎనభై ఏళ్లుగా వర్ణకాలే రంగులు మారుస్తాయనుకున్నాం. జెనీవా విశ్వవిద్యాలయంలో మిషెల్ మిలిన్‌కోవిచ్ బృందం మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలను చూసింది. అవి కణంలో జాలీలా అమరి ఉంటాయి. జంతువు ప్రశాంతంగా ఉంటే స్ఫటికాలు దగ్గరగా ఉండి నీలికాంతిని ప్రతిఫలిస్తాయి. పైన ఉన్న పసుపు వర్ణకంతో కలిసి మనకు ఆకుపచ్చ కనిపిస్తుంది. ఉద్రేకం కలిగితే స్ఫటికాలు ఎడమవుతాయి, పసుపు, నారింజ రంగులు బయటికొస్తాయి. మనం చెట్ల ఆకుల్లో దాగటానికి వేసుకున్న వేషం అనుకునే పచ్చదనం, దాని నిమ్మళానికి గుర్తు. మిల్న్-ఎడ్వర్డ్స్ చెప్పిన నల్లని కణాల మాట అబద్ధం కాలేదు. నలుపు-తెలుపుల తేడా ఇప్పటికీ వాటిదే.

ఇక ఊసరవెల్లి రంగు మార్చటం ఎందుకు పరిణమించింది? దాగటానికా, మాట్లాడటానికా? దేవీ స్టూవర్ట్-ఫాక్స్, అద్నాన్ ముసల్లీ 2008లో మరుగుజ్జు ఊసరవెల్లుల అనేక వంశాలను పోల్చి, తోటివాటితో సంభాషణే ముఖ్యకారణమని తేల్చారు. మన రాజకీయ నాయకులను ఊసరవెల్లితో పోల్చటం ఇక మానాలేమో. అది ఉన్న మాటను ఒంటి మీద రాసుకుని తిరిగే జంతువు.

ఊసరవెల్లికి కలలు వస్తాయా?

అడవిలో ఊసరవెల్లిని పగలు కనిపెట్టడం మహాకష్టం. పరిశోధకులు రాత్రి టార్చి పట్టుకుని వెళతారు. ఆకుల నలుపు మధ్య పాలిపోయిన శరీరం తెల్లగా మెరుస్తుంది. సన్నని కొమ్మ చివర, తోక చుట్టుకుని, తల లోపలివైపు పెట్టుకుని పడుకుంటుంది. పామో మరొకటో కొమ్మ మీద పాకితే ఆ కదలిక తగులుతుంది. వెంటనే చేతులు వదిలి కింద పడిపోతుంది. ఇలాంటి కొమ్మ లేని పెట్టెలో దానికి ఎంత భయంగా ఉంటుందో ఊహించండి.

మనుషుల నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ కనుగొన్నారు. కలలు ఎక్కువగా వచ్చేది ఆ 'రెమ్' నిద్రలోనే. వెంటనే ఇతర జంతువుల్లో వెదకటం మొదలైంది. క్షీరదాల్లో ఉంది, పక్షుల్లో ఉంది. సరీసృపాల్లో? కళ్లు విడివిడిగా తిప్పగల ఊసరవెల్లి కంటే మంచి జంతువు ఎక్కడ దొరుకుతుంది! అమెరికాలో టాబర్, రాఫ్‌వార్గ్, వీట్జ్‌మన్ ఆఫ్రికా ఊసరవెల్లుల నిద్రను ఇ.ఇ.జి. యంత్రంతో నమోదు చేశారు. నిద్రలో వాటి కళ్లు కదులుతున్నాయని 1966లో 'నేచర్' పత్రికలో రాశారు. అందరూ ఒప్పుకోలేదు. ఇతర బల్లులతో పనిచేసినవాళ్లకు వేరే ఫలితాలు వచ్చాయి. వాదన అర్ధశతాబ్దం సాగింది.

2016లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థలో జిల్ లోరాన్ బృందం ఆస్ట్రేలియా గడ్డపు బల్లి మెదడులో రెండు నిద్రదశలు స్పష్టంగా చూసింది. మనకు ఒక నిద్రచక్రం సుమారు 90 నిమిషాలు. దానికి 80 సెకన్లు! రాత్రంతా వందల చక్రాలు. గడ్డపు బల్లి తొండల కుటుంబానికి చెందినది, అంటే ఊసరవెల్లికి బంధువే. 2018లో ఫ్రాన్సులో లిబురెల్ బృందం రెండు జాతుల బల్లులను పోల్చి, రెండింటిలో రెండు దశలున్నా వాటి లక్షణాలు ఒకేలా లేవని చెప్పింది. కలల మాట పక్కన పెట్టండి. నిద్ర కొన్ని గంటలపాటు ఊరికే పడి ఉండటం కాదు, క్రమం తప్పకుండా సాగవలసిన పని అని మాత్రం తేలింది.

మళ్లీ ఎదురింటి గాజుపెట్టె దగ్గర

ఇదంతా చదివాక నేను ఆ ఇంటి పెట్టెను కొత్తగా చూశాను. టి.వి. రాత్రి పన్నెండు వరకు నడుస్తుంది. గది ట్యూబులైటు దాని నెత్తి మీదే. పగలు కూడా నేరుగా ఎండ తగలదు. కిటికీ గాజు గుండా వచ్చే ఎండలో చర్మంలో డి విటమిన్ తయారయ్యే అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. ఆహారంలో డి విటమిన్ తక్కువైన పాంథర్ ఊసరవెల్లులు తమంతట తామే ఆ కిరణాల కింద ఎక్కువసేపు కూర్చుంటాయని అమెరికాలో కార్‌స్టెన్, ఫెర్గూసన్ 2009లో చూపించారు. ఎదురింటిదానికి ఆ వీలు ఎవరిచ్చారు? గిన్నెలో నీళ్లున్నాయి. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లను గుర్తుపట్టదు, ఆకు మీద జారే చుక్కను నాకుతుంది. నిండా నీళ్లున్న పెట్టెలో అది దాహంతో ఎండిపోతోంది.

పగటిపూట కళ్లు మూసుకున్న ఊసరవెల్లి నిద్రపోవటం లేదు. ఆరోగ్యంగా ఉన్నది పగలు కళ్లు మూయదు. మూసిందంటే దాహమో, జబ్బో, ఓర్వలేని బెదురో. ఇది సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యులు మొదట అడిగే ప్రశ్న. నాకు తెలిసేసరికి మూడు రోజులు గడిచాయి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లారు గాని అది బతకలేదు.

ఇలాంటివి ఎక్కడి నుంచి వస్తాయో కూడా మీరు తెలుసుకోవాలి. మన దేశపు ఊసరవెల్లిని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఛామెలియో ప్రజాతి మొత్తం 1977 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండవ అనుబంధంలో ఉంది. విదేశీ జాతుల విషయంలో మన చట్టాన్ని 2022లో సవరించి, 2024లో నమోదు నియమాలు తెచ్చారు. ఇంట్లో ఉన్న అలాంటి జంతువును ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. కానుకగా ఇచ్చిన పెద్దమనిషికి ఇవేవీ తెలియవు. దూరప్రయాణం ఈ జంతువులను ఎంత నలుపుతుందో 1972 నాటి ఒక సంఘటన చెబుతుంది. కెన్యా నుంచి హవాయి దీవులకు వచ్చిన మూడు కొమ్ముల జాక్సన్ ఊసరవెల్లులు ఎండిపోయి, బక్కచిక్కి చేరాయి. కోలుకుంటాయని దుకాణదారు వాటిని తన పెరట్లో వదిలాడు. కోలుకున్నాయి. పారిపోయి, దీవుల్లో వ్యాపించాయి. అక్కడి స్థానిక నత్తలనూ కీటకాలనూ తింటూ నేటికీ సమస్యగా ఉన్నాయి.

తరవాత ఒక ఆదివారం ఆ అబ్బాయి ఒక నోటుపుస్తకం తెచ్చి నాకిచ్చాడు. ఊసరవెల్లి వచ్చిన రోజు నుంచి తేదీ, టైము, రంగు రాసుకున్నాడు. హిందీ, తెలుగు, ఇంగ్లీషు కలిపి కొట్టేసిన రాత. మొదటి రాత్రుల్లో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. బతికి ఉందో లేదోనని ప్రతిరాత్రీ టార్చి వేసి చూసేవాడు గదా, అక్కడ ఇలా ఉంది: 'రాత్రి 10-15. నిద్ర. అయిదు నిమిషాలు లైటు వేశాను. లైటు వైపు నల్లగా అయింది. గోడ వైపు తెల్లగానే ఉంది. ఎందుకు?'

పాల్ బెర్ గురించి ఆ అబ్బాయి ఎన్నడూ వినలేదు. పుస్తకంలో ఇంకా చాలా ఖాళీ పేజీలున్నాయి. మా పార్కులో, మెహందీ కంచెలో రాత్రిళ్లు తొండలు ఏ కొమ్మ చివర పడుకుంటాయో, తల ఎటు పెడతాయో ఇప్పుడు అందులో రాస్తున్నాడు. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి, ఒక్క క్షణం మాత్రమే వేస్తున్నాడు.